హారనమ్మ రాతపరీక్ష

మా లాండ్రీ బండికి హారను పాడై ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. బాగుచేయించాలని కూడా ఎవరికీ తోచలేదు. ఎందుకంటే అమ్మ ఉంది. నాన్న స్టీరింగు పట్టుకుంటే అమ్మ పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "జరగండమ్మా! జరగండయ్యా! సైకిలు బాబూ, నిన్నే!" అని అరిచేది. మా వీధిలో అందరూ ఆమెను హారనమ్మ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆమె దాన్ని బిరుదులాగే పుచ్చుకుంది.

అరవడం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకుపోవచ్చు. బండి కదిలింది మొదలు ఆగేదాకా ఆ నోటికి విరామం ఉండేది కాదు. "ఎర్ర దీపం, ఎర్ర దీపం. పచ్చదయింది, పోనీండి. ఇటుపక్క ముసలాయన దిగుతున్నాడు. గుంట. గుంటన్నానా!" లాడ్జీలకీ ఆసుపత్రికీ ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు నేను వెనక మూటల మీద కూర్చునేదాన్ని. చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. నాన్న మాత్రం ఏమీ పట్టనట్టు నడిపేవాడు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే పూటంతా సాధించే మనిషి, బండిలో ఒక్కసారైనా "నోరు ముయ్యవే" అనలేదు. అంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అంతుపట్టేది కాదు.

గొడవ కంటి డాక్టరు దగ్గర మొదలైంది. బండి ముందు బంపరు మీద కొత్త గీత ఒకటి పడ్డ మర్నాడు, అమ్మ నాన్నని బలవంతాన అక్కడికి లాక్కెళ్ళింది. నన్నూ రమ్మంది. డాక్టరు నాన్న కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"కంటి నరం దెబ్బతిందండీ. పక్క చూపు చాలావరకు పోయింది, ఎదుటి చూపూ మసకబారింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది మందులతో కాపాడుకోవాలి. బండి నడపడం మాత్రం ఇవాళ్టితో ఆపేయండి."

"ఎదురుగా కాస్త కనబడితే చాలదా డాక్టరు గారూ?" అన్నాడు నాన్న. "పక్కలు చూడ్డానికి మా ఆవిడ ఉంది."

డాక్టరు నవ్వలేదు. నేను నవ్వాను. నాన్న ఎప్పుడూ వేసే జోకుల్లో ఇదొకటి అనుకున్నాను.

ఇంటికి రాగానే ఆయన బండి తాళంచెవికి దారం కట్టి మెడలో వేసుకున్నాడు. "ఆ డాక్టరు నా వయసులో సగం లేడు, వాడు చెప్తాడా నాకు? ఇన్నేళ్ళలో ఒక్క పోలీసు నన్ను ఆపాడా? సోమవారం ఆసుపత్రి మూటలు నేనే తీసుకెళ్తా, ఎవరు అడ్డొస్తారో చూస్తా" అన్నాడు.

నేనే నేర్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేర్చుకున్నాను. మా షాపు షట్టరుకు ఉన్న సొట్ట నా చదువే. ఆ తర్వాత బండి నా జోలికి రాలేదు, నేను దాని జోలికి పోలేదు. జీతానికి ఒక డ్రైవరునూ పెట్టి చూశాం. పొద్దున్న వచ్చాడు, అమ్మ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికని వెళ్ళినవాడు టిఫిను డబ్బా కూడా మా దగ్గరే వదిలేసి పోయాడు. ఆ డబ్బా ఇప్పటికీ సబ్బుపొడి కొలవడానికి పనికొస్తోంది.

అందుకని, తడి దుప్పట్లు పిండుతూ పిండుతూ అమ్మ తల కూడా ఎత్తకుండా అంది: "నేను నేర్చుకుంటాను."

నాన్న నవ్విన నవ్వుకి పక్క షాపువాళ్ళు తొంగిచూశారు. "నువ్వా? ముందు రాతపరీక్ష ఉంటుందే! కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. అక్కడ అరిస్తే మార్కులు వెయ్యరు."

"ప్యాసైతే తాళం ఇస్తారా?"

"ప్యాసైతే తాళం నీది. తప్పితే తాళం నాది. మళ్ళీ ఈ ఇంట్లో నా కళ్ళ గురించి ఎవరూ నోరెత్తకూడదు. పరీక్ష అయ్యేదాకా మూటలు తోపుడు బండి మీద పంపుతా, మన బండి ముట్టుకోను, సరేనా?"

"సరే" అంది అమ్మ. తడిచేతిని ముందుకు చాచింది. నాన్న అందులో చెయ్యి వేసి, వెంటనే చొక్కాకు తుడుచుకున్నాడు. అలా మా ఇంటి బండి, మా నాన్న మొండితనం, మా వీధిలో తిరిగే జనం క్షేమం, అన్నీ కలిపి మా అమ్మ పరీక్ష మీద ఆధారపడ్డాయి. ఆమె చివరిసారి పరీక్ష రాసింది నేను పుట్టకముందు.

చదివించే పని నాకు తగిలింది. మధ్యాహ్నం డ్రైయర్లు తిరుగుతున్నప్పుడు చేతికి పని ఉండదు. ఆ వేళ ఇస్త్రీ బల్ల దగ్గర ప్రశ్నల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. మొదటిరోజే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"పసుపు దీపం వెలిగింది. ఏం చేస్తావు?"

"ఆగండి, ఆగండి, ఆగండి అంటాను."

"ఎన్నిసార్లు?"

"ఆగేదాకా."

"అమ్మా, అది జవాబు కాదు. సరే, ముందు వెళ్తున్న బండిని దాటాలనుకున్నావు. ఏం చేస్తావు?"

"వద్దంటాను."

"మలుపు తిరిగే ముందు?"

"వెనక మూటలు దొర్లకుండా నిన్ను పట్టుకోమంటాను."

"ఆసుపత్రి దగ్గర?"

"నోరు మూసుకుంటాను" అంది గర్వంగా. పుస్తకంలో ఉన్న జవాబు "హారను కొట్టరాదు". ఆ ఒక్కదానికీ మార్కు వేయక తప్పలేదు.

ఏ ప్రశ్న అడిగినా ఇదే వరస. బండి నడిపేవాళ్ళు ఏం చెయ్యాలో చెప్పమంటే, పక్కన కూర్చున్నవాళ్ళు ఏం అనాలో చెప్పేది. ఇన్నేళ్ళు రోడ్డు మీద తిరిగినా, మా అమ్మ ఆ రోడ్డంతా పక్క సీట్లోంచే చూసింది. బ్రేకు అనేది ఆమె దృష్టిలో నాన్నకు ఇంకో పేరు. నాన్న గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పట్టుదల వచ్చింది నాకు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశాను. పెద్ద గిన్నె మూత తెచ్చి, స్టీరింగని చేతికిచ్చాను. కింద మూడు చెప్పులు వరసగా పెట్టి, క్లచ్, బ్రేకు, యాక్సిలేటరు అన్నాను. "ఇక నుంచి నువ్వు డ్రైవరువి. ఈ కుర్చీ దిగకూడదు" అన్నాను.

అమ్మ మూత పట్టుకుని బిగుసుకుని కూర్చుంది. ప్రశ్న అడిగాను. జవాబు లేదు. ఇంకోటి అడిగాను. అసలు పలకలేదు. మా అమ్మ నోరు మెదపకపోవడం నేను చూడ్డం అదే మొదలు. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, చిన్నగా అంది: "ఎవరూ చెప్పకపోతే నాకెలా తెలుస్తుందే?"

నాన్న ఇక ఆపుకోలేకపోయాడు. పేపరు పక్కన పడేసి లేచొచ్చాడు. "లే, లే. నువ్వు లే అక్కణ్ణుంచి. అమ్మాయ్, ఆ బొమ్మలేవో నాకు చూపించు. ఒక్కటి తప్పినా నా మీసం తీసేస్తా!"

ఆయన డ్రైవరు కుర్చీలో కూర్చుని మూత తీసుకున్నాడు. అమ్మ మారుమాట లేకుండా పక్క కుర్చీలోకి జరిగింది. నేను రోడ్డు గుర్తుల పటం గోడకు ఆనించి, ఒక బొమ్మ మీద స్కేలు పెట్టాను. ఇద్దరు పిల్లలు సంచులతో రోడ్డు దాటుతున్న బొమ్మ అది.

"ఇది," అన్నాడు నాన్న. తల కొంచెం ఇటు తిప్పాడు, కొంచెం అటు తిప్పాడు. "ఇది... రోడ్డు మీద పని జరుగుతోంది."

నేను ఏదో అనబోయాను. అంతలో అమ్మ, ఆయన వైపు చూడకుండా, బండిలో అనే గొంతుతోనే అంది: "ముందు బడి ఉంది. పిల్లలు."

"క్లచ్, బ్రేకు, రెండో గేరు" అన్నాడు నాన్న. ఆయన కాలు అప్పటికే మధ్య చెప్పు మీద ఉంది.

నేను స్కేలు ఇంకో బొమ్మ మీదికి జరిపాను. అమ్మ చెప్పింది, నాన్న కాలు కదిలింది. ఇంకోటి. మళ్ళీ అంతే. పటంలో చివరి బొమ్మ దాకా వెళ్ళాను. ఒక్కటీ తప్పలేదు. ఒక్క బొమ్మా ఆయన చూడలేదు.

నాకు పోయినేడు సంగతి గుర్తొచ్చింది. అమ్మకు జ్వరం వచ్చి మంచమెక్కినప్పుడు, బండి పాడైందని నాన్న వారమంతా బయటికి తీయలేదు. మూటలు తోపుడు బండి మీద పంపించాడు. మెకానిక్కుని పిలిస్తే అన్నీ విప్పి చూసి, "దీనికేం రోగం లేదు, మీ నాన్నగారికే ఏదో అయింది" అని నవ్వి వెళ్ళాడు. అమ్మ లేచిన రోజే బండి కూడా లేచింది.

"ఎంత కాలం నుంచి ఇది?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఇద్దరూ బడిలో దొరికిపోయిన పిల్లల్లా కుర్చీల్లో కూర్చున్నారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను! బడి ముందునుంచి, ఆసుపత్రి ముందునుంచి, ఇలాగా తిరిగారు ఇద్దరూ? ఒకరు చూడ్డం, ఒకరు నడపడం? బుద్ధి ఉందా అసలు?"

"నేను చూస్తూనే ఉన్నాగా" అంది అమ్మ.

"చూస్తూ ఉంటే ఆ బంపరు మీద గీత ఎలా పడింది?"

అమ్మ ఆయన చేతిలోని మూత అంచుని చూపుడువేలితో రుద్దుతూ ఉండిపోయింది. ఆఖరికి అంది: "తుమ్మొచ్చింది."

"ఏంటి?"

"తుమ్మొచ్చిందే. నాలుగురోడ్ల దగ్గర. తుమ్మితే కళ్ళు మూసుకుపోతాయి కదా. తెరిచేసరికి సైకిలబ్బాయి కింద ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు, లేచి మీ నాన్నని తిట్టిపోశాడు. ఈయన వాణ్ణి తిరిగి తిట్టాడు. నేను ఒక్క తుమ్ము తుమ్మానే, అంతే. ఆ పిల్లాడికి నీ వయసుంటుంది."

నాకు నవ్వొచ్చింది. అయినా నవ్వలేకపోయాను. డ్రైయర్లు ఆగిపోయి గంట మోగింది. లేచి వెళ్ళి దుప్పట్లు తీసేవాళ్ళే లేరు.

నాన్న లేచాడు. మూతని ఇస్త్రీ బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. సైకిలబ్బాయే అడ్డొచ్చాడనీ, తప్పు వాడిదేననీ అంటాడేమో అని చూశాను. అనలేదు. ఆ పూట కూరలో ఉప్పు అసలు లేదు, అమ్మ మర్చిపోయింది. ఆయన కిక్కురుమనకుండా తినేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను పుస్తకం తీసేసరికి, నాన్న వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరు కుర్చీ అమ్మ వైపు తోశాడు.

"కూర్చో. కాలు ఎక్కడ పెట్టావు?"

"నేల మీద."

"నేల మీద కాదే, క్లచ్ మీద! పసుపు దీపం వెలిగింది. నోరు కాదు, కాలు. ముందు కాలు కదలాలి. తర్వాత నీ ఇష్టం వచ్చినంతసేపు అరుచుకో."

"ఏమండీ, నేను ప్యాసైతే తాళం నాకివ్వాలి. గుర్తుందా?"

"నాకు కళ్ళు పోయాయి, మతి పోలేదు. వెనక బండి నిన్ను దాటాలని చూస్తోంది. ఏం చేస్తావు?"

"వాణ్ణి పోనిస్తా... కాదు, కాదు. ఒక పక్కకి జరిగి, వేగం పెంచకుండా, దారిస్తా."

"ఆఁ. అదీ" అన్నాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి మెడలోని తాళంచెవిని పట్టుకుని ఉంది. మా నాన్న అలా తన ఓటమి కోసం తానే కష్టపడి పనిచేస్తుంటే చూడ్డం నాకు చేతకాలేదు. ఏదో పని ఉన్నట్టు లేచి, ఇస్త్రీ అయిన దిండు గలీబులనే మళ్ళీ ఇస్త్రీ చేశాను.

ఆయన కఠినమైన మాస్టారు. అమ్మ మంచి శిష్యురాలేం కాదు. వాళ్ళ చదువుకి రెండు చెప్పులు తెగాయి, గిన్నె మూతకు సొట్ట పడింది. అమ్మ వంటింట్లో కూడా కుడికాలు నొక్కుతూ గరిటె తిప్పేది. వీధిలో నడుస్తూ మలుపు దగ్గర చెయ్యి చాచి సిగ్నలు ఇచ్చేది. ఎదురింటావిడ అది చూసి, తననే పిలుస్తోందనుకుని రెండుసార్లు బయటికొచ్చింది.

పరీక్షరోజు లైసెన్సుల ఆఫీసులో లోపలి గదిలోకి పరీక్ష రాసేవాళ్ళనే పంపారు. నాన్నా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో అద్దం తలుపు. వరసగా కంప్యూటర్లు, వాటి ముందు కుర్రకారు, చివర్న మా అమ్మ. ఒక్కో ప్రశ్న తెర మీద కాసేపే ఉంటుంది. ఆలోచిస్తూ కూర్చుంటే అదే వెళ్ళిపోతుంది. అమ్మ పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అటు చూసింది.

"ఏం చేస్తోంది?" అన్నాడు నాన్న. అంత దూరం ఆయనకు ఆనదు.

"ఖాళీ కుర్చీ కేసి చూస్తోంది నాన్నా."

"చూడకే, చూడకే" అని గొణిగాడు. "ఇప్పుడు?"

"తెర చూస్తోంది. కాలు నొక్కింది."

"ఏ కాలు?"

"కుడికాలు."

"బ్రేకు. పసుపు దీపం వచ్చుంటుంది. ఇప్పుడు?"

"ఎడమకాలు. ఇప్పుడు కుడిది. చెయ్యి చాచింది నాన్నా. పక్క కుర్రాడికి తగిలింది. వాడు ఉలిక్కిపడ్డాడు."

"మలుపు. అంతే, అంతే. ముందు సిగ్నలు."

లోపలున్న ఆఫీసరమ్మ లేచి అమ్మ దగ్గరికి వెళ్ళింది. తలుపు సందులోంచి మాటలు వినిపించాయి. "పెద్దమ్మగారూ, ఇక్కడ మాట్లాడకూడదండీ."

"మాట్లాడ్డం లేదమ్మా, నడుపుతున్నాను" అంది అమ్మ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

నేను నాన్న వైపు చూశాను. బెంచీ కింద ఆయన రెండు కాళ్ళూ కదులుతున్నాయి. నేను ఏ కాలు చెప్తే ఆ కాలు, నేను చెప్పీ చెప్పకముందే.

"ఇప్పుడు రెండు కాళ్ళూ నొక్కి ఉంచింది నాన్నా."

"ఆపేసింది," అన్నాడు. "అయిపోయినట్టుంది."

ఆఫీసరమ్మ తలుపు తీసి, ఫలితాలు చదివింది. కుర్రకారులో ఇద్దరు తప్పారు. అమ్మ ప్యాసైంది. మార్కులు ఏమంత గొప్పగా రాలేదు, కానీ గట్టెక్కింది. మాకు కనిపించగానే మొదట అన్న మాట, "మొదట్నుంచీ వచ్చిన ఆ హారను ప్రశ్నే తప్పు పెట్టానే" అని. నేను ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. సంతోషమే. భయం కూడా పోయింది కదా, అదీ కలిసి ఉంటుంది.

నాన్న మెడలోంచి దారం తీశాడు. తలకు చిక్కుకుంది, మీసానికి చిక్కుకుంది. తాళంచెవిని అమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"కొంచెం వెనక్కి లాగి తిప్పాలి. లేకపోతే పట్టదు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఇస్తే వద్దని ఇటువైపు కూర్చున్నాడు.

రోడ్డు మీద నేర్పడానికి డ్రైవింగు స్కూలు మాస్టారు సోమవారం నుంచి వస్తానన్నారు. అందాకా ఆగుతుందా మా అమ్మ? షాపు వెనక దుప్పట్లు ఆరేసే పెద్ద స్థలం ఉంది. తాళ్ళన్నీ విప్పించింది. బండికి ఎల్ బోర్డు కట్టించింది. డ్రైవరు సీట్లో కూర్చుని, మూటలు రెండు వీపు వెనక పెట్టుకుంది. నాన్న పక్క సీట్లోకి ఎక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చున్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగింది. అమ్మ తాళం మళ్ళీ తిప్పి, ఇంజను మోగుతుండగా ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, ఏదో ఒకటి అనండి."

"ఏమనను? నాకేం కనబడుతోందని?" అన్నాడు. అంత మెల్లగా నాన్న మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"కనబడేది నేను చెప్తాను. ఎప్పుడూ చెప్పేదేగా. కాళ్ళ సంగతి మీరు చూడండి."

ఆయన కొంచెం సర్దుకుని, చెయ్యి కిటికీ మీద పెట్టాడు. "క్లచ్ సగం వదులు. ఇంకా. ఆఁ, ఇప్పుడు యాక్సిలేటరు."

"కదిలిందండీ! తాడు గుంజ దాటాం. ముందు గోడ. గోడ వస్తోంది, గోడ!"

"కంగారు పడకు. క్లచ్. బ్రేకు. స్టీరింగు తిప్పు, మెల్లగా."

బండి గోడ ముందు తిరిగింది. నత్తలా నడిచి నేనున్న వైపు వచ్చింది. అమ్మ రెండు చేతులూ స్టీరింగుకు అతుక్కుని ఉన్నాయి, కళ్ళు ఎదురుగా ఉన్నాయి. తల బయటికి పెట్టే వీల్లేదు.

"అమ్మాయి అడ్డంగా ఉందండీ! హారనూ!"

నాన్న పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. వీధి చివరిదాకా వినిపించేలా అరిచాడు.

"జరగమ్మా తల్లీ, జరుగు! మీ అమ్మ వస్తోంది!"

నేను ఆయన చూస్తున్న వైపు లేను, ఇవతలి పక్కన ఉన్నాను. అయినా జరిగాను.